కుందేటి పళ్ళు

తెలుగువారు కుందేటి కాళ్ళు లెక్కపెట్టారు. మొండివాడు పట్టిన కుందేటికి మూడే కాళ్ళని తేల్చారు. కుందేటి కొమ్ము కోసం వెదికారు. అది లేదని తెలిసి, లోకంలో లేని ప్రతి వస్తువుకూ దానినే ఉపమానం చేసుకొన్నారు. చంద్రునిలోని మచ్చను చూచి అదీ కుందేలే అన్నారు. ఆయనకు శశాంకుడని పేరు పెట్టారు. పంచతంత్రంలో సింహాన్ని బావిలోకి దూకించిన బుద్ధిబలం కుందేటిదే. ఇంత చుట్టరికం ఉండి కూడా దాని నోరు తెరచి పళ్ళు చూచినవారు మాత్రం అరుదు. చూడవలసిన అగత్యం అప్పుడు లేదు. పొలం గట్టున గరిక కొరికే ప్రాణి తన పళ్ళ సంగతి తానే చూచుకొంటుంది. దానికి దూరపు చుట్టమైన తెల్ల కుందేటిని తెచ్చి, పంజరంలో పెట్టి, బిస్కట్లు మేపడం మొదలైన తరువాతనే ఆ పళ్ళు మనుష్యుల పూచీలో పడ్డాయి.

తెల్ల కుందేళ్ళను పెంచుకొనే సరదా ఇప్పుడు నగరాలు దాటింది. సంతబొమ్మాళిలో ఒక ఇల్లు అనుకొందాం. పిల్లవాడు మారాం చేశాడు. తండ్రి విశాఖపట్నం పోయినప్పుడు ఒక కుందేటిని కొనితెచ్చాడు. మొదటి ఏడాది ఇంటిల్లిపాదికీ అదొక పండుగ. వచ్చినవారందరూ తలా ఒక క్యారెట్టు ముక్క, తలా ఒక బిస్కట్టు, మధ్యాహ్నం మిగిలిన అన్నం పెట్టారు. రెండవ ఏడు గడ్డం క్రింద బొచ్చు తడిగా కనబడింది. ఒక కన్ను నీరు కారింది. తిండి దగ్గరకు ఆత్రంగా వచ్చి, నోట కరచుకొని, మళ్ళీ జారవిడిచింది. దిష్టి తగిలిందని నాయనమ్మ ఉప్పు తిప్పింది. చివరకు విశాఖపట్నం తీసుకొనిపోయి మత్తు ఇప్పించి, పెరిగిన పళ్ళు కోయించి, చీము పట్టిన ఒక పంటిని తీయించి, బుట్టలో పెట్టుకొని నౌపడ స్టేషనులో బండి దిగారు. గండం గడిచిందనుకొని అందరూ నిద్రకు ఉపక్రమించారు. కుందేటికి అసలు గండం ఆ రాత్రిదే.

ఎందువల్లనో చెప్పాలంటే ముందు ఆ నోటి నిర్మాణం తెలియాలి. కుందేటికి 28 పళ్ళు. పైన కనబడే రెండు పెద్ద పళ్ళ వెనుక మేకుల వంటి చిన్న పళ్ళు రెండు దాగి ఉంటాయి. ఎలుకలకు అవి లేవు. ఇటువంటి భేదాలు చూచియే 1912లో కుందేటిని ఎలుకల వర్గం నుండి తప్పించి వేరొక వర్గంగా నిలబెట్టారు. ఈ పళ్ళన్నీ, దవడ పళ్ళతో సహా, బ్రతికినన్నాళ్ళూ పెరుగుతూనే ఉంటాయి. ముందు పళ్ళు వారానికి సుమారు 2 మిల్లీమీటర్లు పెరుగుతాయి. అరుగుదల లేకపోతే ఏడాదికి నాలుగంగుళాలన్నమాట. ప్రకృతి ఈ పెరుగుదలకు విరుగుడు గడ్డిలో పెట్టింది. గడ్డి నమిలేటప్పుడు క్రింది దవడ ప్రక్కలకు ఆడుతుంది. తిరుగలి రాళ్ళ వలె పైపళ్ళూ క్రిందిపళ్ళూ ఒకదానినొకటి అరగదీసుకొంటాయి. మెతుకుకూ బిస్కట్టుకూ తిరుగలి త్రిప్పవలసిన పని లేదు. అప్పుడు దవడ పళ్ళ అంచులు ముళ్ళవలె మొలచి, క్రిందివి నాలుకనూ పైవి బుగ్గనూ కోస్తాయి. పళ్ళ వేళ్ళు పైకి ఒత్తుకొనిపోయి కన్నీటి నాళాన్ని మూస్తాయి. చీము చేరితే అది జున్నువలె గడ్డకట్టి ఉంటుంది గనుక గాటు పెట్టినంతమాత్రాన కారిపోదు, శస్త్రం పట్టవలసిందే. పుట్టుకతోనే దవడ పొట్టిదైన కుందేళ్ళకు ఎంత గడ్డి మేపినా ఈ పీడ తప్పకపోవచ్చు గనుక ప్రతిసారీ పెంచినవారినే నిందించడం న్యాయం కాదు. కాని పెక్కు నోళ్ళలో ఈ ముళ్ళు మొలిపించేది ముద్దుగా పెట్టిన తిండే.

మనుష్యుల వైద్యంలో లంఖణం పరమౌషధమన్న మాట ఉన్నది. కుందేటి విషయంలో ఆ మాట ప్రాణాంతకం. కుందేలు వాంతి చేసుకోలేదు గనుక దానిని మత్తుకు ముందు మనిషివలె పస్తు పెట్టరు. మత్తు దిగిన వెంటనే ఏదో ఒకటి తినిపించాలని చూస్తారు. దాని ప్రేగు నిరంతరం కదలవలసిన యంత్రం. పీచు లోపలికి పోవడం ఆగితే ఆ కదలిక మందగిస్తుంది. కడుపులో గాలి చేరుతుంది. గాలి నొప్పికి తిండి మీద మరింత విముఖత పుడుతుంది. పన్నెండు గంటలు తిండి ముట్టని కుందేటిని వైద్యుడు అత్యవసర రోగిగా చూస్తాడు. నోరంతా పుండై ఉన్న ప్రాణి తానుగా తినదు. ఇంటివారేమో నిద్రపోతున్నది, రేపు తింటుందిలే అని ఊరుకొంటారు.

ఇక్కడ మరొక చిక్కు ఉన్నది. కుక్క మూలుగుతుంది, పిల్లి అరుస్తుంది, ఆవు అంబా అంటుంది. నక్కకూ గద్దకూ ఆహారమైన జాతి కుందేటిది. బాధ బయట పెట్టినది ముందుగా వాతబడుతుంది గనుక ఆ జాతికి బాధను దాచుకోవడమే అలవాటైంది. నొప్పి ఎక్కువైనకొద్దీ అది మరింత నిశ్శబ్దంగా, మూలకు ముడుచుకొని, కళ్ళు అరమోడ్చి కూర్చుంటుంది. దానిని శాంతమని భ్రమపడతారు. పళ్ళు గట్టిగా నూరడం, పొట్టను నేలకు అదుముకోవడం, అన్నిటికంటె ముఖ్యంగా పెంటికలు చిన్నవై, తగ్గి, ఆగిపోవడం: ఆ మూగజీవి చెప్పుకోగలిగినది ఇంతే. కాబట్టి రోగి మంచం వద్ద కూర్చున్నవాడు జ్వరం చూచినట్లు, కుందేటి వద్ద కూర్చున్నవాడు పెంటికలు లెక్కపెట్టాలి. అసహ్యించుకొనేవారు ఈ సేవకు పనికిరారు. నాజూకు మనుష్యులు కుందేటిని పెంచడమే వింత. తన రెట్టలో మెత్తనిదానిని, ముఖ్యంగా రాత్రివేళ, తానే తిరిగి తిని బలం తెచ్చుకొనే ప్రాణి అది! ఒంట్లో బాగులేనప్పుడు వంగి దానిని అందుకోలేదు. వెనుకభాగం మురికిపడుతుంది. గోరువెచ్చని నీటి గుడ్డతో తుడిచి, వెంటనే తడి లేకుండా ఆర్చాలి.

తినిపించే పద్ధతిలో కూడా నేర్పు కావాలి. కుందేటికి అమ్మే గడ్డి గుళికలను వేడినీటిలో నానవేసి, మెత్తగా మెదిపి, చల్లారిన పిమ్మట సూది లేని సిరంజితో పట్టవచ్చు. వెల్లకిల పడుకోబెట్టి పట్టరాదు. ఊపిరితిత్తులలోకి పోతే పంటిరోగం నయమైనా ప్రాణం దక్కదు. గుడ్డలో చుట్టి, కాళ్ళ మీద నిలిచినట్లే ఉంచి, ముందు పళ్ళకూ దవడ పళ్ళకూ నడుమనుండే ఖాళీలోనికి ప్రక్కనుండి కొద్దికొద్దిగా వదలాలి. అది నమిలి మింగేదాకా ఆగాలి. ఒక్కొక్క విడతకు అరగంట పట్టవచ్చు. మూడు నాలుగు గంటలకొకసారి, రాత్రి కూడా. మొదటి గంటలలో మత్తు వల్ల ఒళ్ళు చల్లబడుతుంది గనుక వెచ్చగా కప్పాలి. మత్తు పూర్తిగా దిగిన తరువాత భయం తారుమారవుతుంది. ఆ ప్రాణికి చెమట పట్టదు. ఒంటి వేడి ఎక్కువగా చెవుల గుండా పోవలసిందే. సముద్రపు గాలిలో ఉక్క నిండిన మే నెల మధ్యాహ్నం రేకుల కప్పు క్రింద ఉంచితే వైద్యుడు చేసినదంతా వ్యర్థం. జతగా పెరిగిన మరొక కుందేలుంటే దానిని దూరం చేయకూడదు. దాని ప్రక్కన కూర్చున్న రోగి త్వరగా ముట్టెను గడ్డిలో పెడుతుంది. ప్రతిరోజూ త్రాసులో తూచాలి. కంటికి కనబడని తరుగును త్రాసు ముందుగా పట్టి ఇస్తుంది.

పథ్యం మాట వస్తే కొబ్బరితోటల క్రింద, కాలువ గట్టుల వెంట ఉద్దానంలో గరికకు కొదవలేదు. ఏకదంతునికి ప్రీతియైన గరికయే ఈ దంతరోగికీ పథ్యం కావడం చమత్కారంగా లేదా? క్యారెట్టు కుందేటి ఆహారమని బొమ్మల పుస్తకాలు నేర్పిన అబద్ధం. తీపిగల ఆ దుంప ఎప్పుడో ఒక ముక్కకు మించితే చెరుపే. మందులు కోసిన గడ్డి, పొగ పట్టిన రోడ్డు ప్రక్క గడ్డి పెట్టకుండా, కడిగి ఆర్చి పెడితే చాలు. నీరు సీసా గొట్టంలో కాక గిన్నెలో పెడితే పుండు పడిన నోటికి సులువు.

మందుల విషయంలో మాత్రం సొంత తెలివి పనికిరాదు. మనిషికి మేలు చేసే పెన్సిలిన్ జాతి మందు నోటి ద్వారా పోస్తే కుందేటి ప్రేగులోని మేలు చేసే సూక్ష్మజీవులు నశించి, విషం పుట్టి, అది మరణించవచ్చు. నొప్పి తగ్గించే మందు అవసరమే, నొప్పి తగ్గనిదే అది తినదు. కాని నీరు తక్కువైన ఒంటికి కొలత తప్పిన నొప్పిమందు మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. పశువుల నొప్పికి వాడిన డైక్లోఫెనాక్ అనే మందు, ఆ కళేబరాలను తిన్న రాబందుల మూత్రపిండాలను పాడుచేసి ఆ జాతిని దాదాపు తుడిచిపెట్టగా, 2006లో భారత ప్రభుత్వం పశువైద్యంలో దానిని నిషేధించింది. ఉద్దానంలో ఈ సంగతి ఎవరికీ విడమరచి చెప్పనక్కరలేదు. అక్కడి మూత్రపిండాల వ్యాధికి వైద్యులు అనుమానించిన పెక్కు కారణాలలో ఒళ్ళునొప్పులకు అడగకుండా మింగే బిళ్ళలు కూడా ఒకటి.

ఆ పేరు ఎత్తగానే ఒక ఆక్షేపణ ఎదురవుతుంది. అది తేలికగా త్రోసివేయదగినది కాదు. మనుష్యులు వారానికి రెండు మూడు సార్లు రక్తశుద్ధికి పోయే ఊళ్ళలో, ఒక కుందేటి పంటికోసం రైలెక్కి పోవడం, రాత్రులు మేలుకోవడం విలాసం కాదా? పలాసలో 200 పడకల ఆసుపత్రీ, మూత్రపిండాల పరిశోధన కేంద్రమూ 2023 డిసెంబరులో గాని ప్రారంభం కాలేదు. అంతవరకు, ఆ తరువాత కూడా, విశాఖపట్నం దారి పట్టిన కుటుంబాల కష్టం తెలిసినవారెవరూ ఈ ప్రశ్నను పరిహసించరు.

అయితే ఈ ప్రశ్న అడిగేవారు ఒక సంగతి గమనించరు. దయ అనేది గరిసెలో ధాన్యం కాదు, ఒకరికి కొలిస్తే మరొకరికి తరుగుపడడానికి. ఉప్పు తగ్గించి కూర వండడం, నీరు గ్లాసులతో కొలిచి ఇవ్వడం, కాళ్ళ వాపు వ్రేలితో ఒత్తి చూడడం నేర్చిన ఇల్లాళ్ళు ఆ ఊళ్ళలో ఉన్నారు. కొలిచి పట్టడం, కనిపెట్టి చూడడం, రేపటిదాకా ఆగకుండా లేవడం: కుందేటికి కావలసినదీ అదే విద్య. ఆ విద్య గలవారు కుందేటిని చూచి నవ్వడం తక్కువ. నవ్వేవారు సామాన్యంగా ఏ రోగి ప్రక్కనా కూర్చోనివారే.

ఈ కళింగసీమకు ఆ విద్య కొత్తదీ కాదు. గంజాం జిల్లాలోని జౌగడ బండమీద అశోకుడు శాసనాలు చెక్కించాడు. కళింగయుద్ధంలో చచ్చినవారి లెక్క చెప్పి పశ్చాత్తాపపడిన పదమూడవ శాసనాన్ని ఆయన కళింగంలో చెక్కించలేదు. ఓడినవారికి వారి చావుల లెక్క చదివి వినిపించడం ఉచితం కాదనుకొన్నాడేమో! మనుష్యచికిత్స, పశుచికిత్స అని రెండు చికిత్సలను పేర్కొన్న రెండవ శాసనం మాత్రం అక్కడ ఉన్నది. ఓషధులు లేనిచోట తెప్పించి నాటించినట్లు కూడా అందులో ఉన్నది. రెండింటినీ ఒకే వాక్యంలో చేర్చిన ఆ రాజుకు మనుష్యుల రోగాలు తక్కువై పశువుల మీదికి మనసు పోలేదు. సరుబుజ్జిలి వైపున ఉన్న దంతవక్త్రుని కోటయే బుద్ధుని దంతాన్ని పూజించిన దంతపురమని చరిత్రకారులు కొందరంటారు. ఒక పంటిని పూజించిన జిల్లాకు మరొక పంటిని కనిపెట్టి చూడడం మరీ అంత చిన్నతనమా?

టెక్కలి దగ్గరి తేలినీలాపురంలో చింతచెట్ల మీద గూళ్ళు కట్టే గూడబాతులను, ఎర్రకాళ్ళ కొంగలను ఆ ఊరివారు శుభసూచకాలుగా ఆదరిస్తారు. 2021 చివరనుండి 2022 జనవరి వరకు ఆ గూడబాతులు అనేకం చచ్చి రాలినప్పుడు, పరాన్నజీవి పురుగులే కారణమని పరీక్షలలో తేలింది. ఊరు తల్లడిల్లింది గాని చేయగలిగినది తక్కువ. ఆకాశాన తిరిగే పక్షికి మందెవరు పోస్తారు? పంజరంలోని కుందేటి విషయంలో ఆ సాకు లేదు. దాని తిండి, నీరు, నీడ, మందు అన్నీ ఒకరి చేతిలో ఉన్నాయి. తెచ్చుకొన్నవారికి వదలుకొనే వీలు లేని బాధ్యత అది. రుక్మిణీదేవి అరండేల్ రాజ్యసభలో పోరిన ఫలితంగా వచ్చిన 1960 నాటి జంతుహింస నివారణ చట్టం, పెంచుకొనేవాడు తన జంతువుకు చాలినంత తిండి, నీరు, నీడ ఇవ్వకపోవడాన్ని కూడా క్రూరత్వంగానే పరిగణించింది. కుందేటిని అంగడి బొమ్మవలె అమ్మి పంపే వర్తకుడు ఒక గుప్పెడు గడ్డి చూపి, ఇది దొరకకపోతే కొనవద్దని చెప్పగలిగితే సగం శస్త్రచికిత్సలు తప్పేవి. 2018లో పెంపుడు జంతువుల దుకాణాలకు నియమాలు వచ్చాయి గాని, గడ్డి మాట బేరమాడేవాని నోటనుండే రావాలి. ఊళ్ళలోని పశువైద్యశాలలు ప్రధానంగా ఆవులు, గేదెలు, మేకలు, గొర్రెల కోసం ఏర్పడినవి. కుందేటి దవడ లోతుకు చూచే పరికరాలు అక్కడ వెదకడం అన్యాయం. ఆ సంగతి కొనకముందే తెలిసి ఉండాలి.

ఇంటిలో ఈ సేవ ఎవరి వంతు అన్నది మరొక ముచ్చట. కుందేటిని అడిగినవాడు పిల్లవాడు, కొన్నవాడు తండ్రి, రాత్రి రెండు గంటలకు లేచేది తల్లి. వంటింటి దీపం వెలిగించి గుళికలు మెదిపేది ఆమె. తెల్లవారి క్యారేజీ కట్టవలసినదీ ఆమే. ఈ పంపకం మారితే గాని కుందేటి పెంపకం పిల్లలకు దయ నేర్పుతుందన్న మాట ఒట్టి మాట. పదేళ్ళ పిల్లవానికి గరిక కోయడం వచ్చు, కడగడం వచ్చు, త్రాసు చూచి నోటుపుస్తకంలో వ్రాయడం వచ్చు. సిరంజి పట్టడం పెద్దలు చేస్తే, గుడ్డలో చుట్టిన ఆ ప్రాణిని కదలకుండా పట్టుకోవడం వాడు చేయవచ్చు.

మూడవ రోజు తెల్లవారుజామున పంజరంలో పరచిన పాత కాగితం మీద పెంటికలు పడి ఉంటాయి. మొదట చిన్నవి, ఎండినవి. తరువాత గుండ్రనివి, శనగగింజలంతటివి. దిష్టి తీసిన నాయనమ్మే వాటిని వంగి చూచి, లెక్క పెట్టి, మనుమణ్ణి లేపి, పుస్తకంలో ఎన్ని వ్రాయాలో చెబుతుంది.