తలుపు మూసిన గదిలో పనిచేసే మన అమ్మాయిలు

పోయిన క్రిస్మస్‌కు సింధనూరు పక్కన ఒక క్యాంపులో ఆరాధనకు వెళ్ళాము. ఆరాధన ముగిసి అందరూ భోజనాలకు కూర్చున్నారు. బెంగళూరు నుంచి సెలవుకు వచ్చిన ఒక చెల్లెలు మా పక్కకు వచ్చి, ఎవరికీ వినపడకుండా అడిగింది: "అయ్యగారూ, నేను చేసే పని పాపమా?"

ఇంట్లో బ్యూటీ పార్లర్ అని చెప్పిందట. నిజానికి ఆమె ఒక స్పాలో మసాజ్ చేస్తుంది. శిక్షణ తీసుకుంది, సర్టిఫికెట్ ఉంది, నెలనెలా ఇంటికి డబ్బు పంపుతుంది. ఆ డబ్బుతోనే తమ్ముడు రాయచూరులో ఐటీఐ చదువుతున్నాడు. ఆమె బాధ పని గురించి కాదు. వారం వారం వచ్చే ఒక పెద్దమనిషి చేతులు ఊరికే ఉండవు. మేనేజరుకు చెబితే, "రెగ్యులర్ కస్టమర్, కాస్త సర్దుకో" అన్నాడట.

మేము ఏమన్నామో దాచుకోకుండా చెబుతున్నాము. "వేరే ఉద్యోగం చూసుకోమ్మా, ప్రార్థన చేస్తాము" అన్నాము. ఆమె తల ఊపి వెళ్ళిపోయింది. తిరుగు ప్రయాణంలో బస్సు మాన్వి దాటాక గాని మాకు తట్టలేదు. ఆమె తన పని పాపమా అని అడిగింది. ఆ పెద్దమనిషి చేసేది పాపమా అని ఆయనా అడగలేదు, మేనేజరూ అడగలేదు, మేమూ అడగలేదు.

మసాజ్ అనగానే మన సంఘాల్లో ముఖాలు మాడిపోతాయి. కానీ ఒళ్ళు పట్టడం మనకు కొత్త సంగతా? బాలింతకు నూనె రాసి వేడినీళ్ళు పోసిన ముసలమ్మలు ఎవరు? పసిబిడ్డను కాళ్ళ మీద బోర్లా పడుకోబెట్టి నలుగు పెట్టింది ఎవరు? మంగలి అన్న తల మాలిష్ చేస్తే హాయిగా కళ్ళు మూసుకున్నది మనమే కదా. ఆ పనులు చేసిన చేతుల్లో ఎక్కువ భాగం మన పేటల చేతులే. అప్పుడు దానికి పెట్టిన పేరు చాకిరి. ఇప్పుడు అదే పనికి యూనిఫాం, జీతం వచ్చాయి, అనుమానం కూడా వచ్చింది.

ఈ జిల్లాలో ఆ అనుమానానికి వేరే వేరు కూడా ఉంది. దేవత పేరున దళిత ఆడపిల్లలను అంకితం చేసి, ఊరి పెద్దల పాలు చేసిన నేల ఇది. దేవదాసీ అంకితాన్ని నిషేధిస్తూ కర్ణాటక 1982లోనే చట్టం చేసింది. చట్టం వచ్చినంత మాత్రాన, పేద ఇంటి ఆడదాని ఒంటి మీద డబ్బున్నవాడికి హక్కు ఉందనే నమ్మకం పోలేదు. రాయచూరు నుంచి బెంగళూరు బస్సెక్కిన మన పిల్ల వెంట ఆ నమ్మకం కూడా బస్సెక్కుతుంది.

అసలు ఈ పనికి హద్దులు ఏమిటి? తెలిసినవాళ్ళు చెప్పేవి చాలా మామూలు మాటలే. మొదలుపెట్టే ముందు జబ్బులేమున్నాయో, నొప్పి ఎక్కడుందో, ఎక్కడ ముట్టుకోవద్దో అడగాలి. ఒళ్ళంతా దుప్పటి కప్పి, పట్టే భాగం మాత్రమే తీయాలి. వచ్చినవాళ్ళు ఆపమంటే ఆ క్షణమే ఆపాలి. వాళ్ళ ఒంటి గురించి గాని, చెప్పుకున్న కష్టం గురించి గాని బయట మాట్లాడకూడదు. సొంత ఫోను నంబరు, అప్పులు, ఖరీదైన కానుకలు ఈ గదిలోకి రాకూడదు. పక్షవాతం పోగొడతాను, షుగరు తగ్గిస్తాను అని కోతలు కోయకూడదు. బట్టలు తీసి పడుకున్న మనిషి ఎదుట నిలబడినవాడికి కూడా ఒక బలం ఉంటుంది గనుక, ఆ బలాన్ని వాడుకునే థెరపిస్టు కూడా తప్పు చేసినట్టే. అయితే డబ్బు కట్టిన మనిషికీ ఇవే హద్దులు. ఆయన కొన్నది ఒక గంట పనిని. మనిషిని కాదు. హద్దు దాటితే పని ఆపి బయటికి వచ్చే హక్కు ఆ పిల్లకు ఉండాలి, ఆ గంట జీతం కోయకూడదు.

డాక్టర్లకు, నర్సులకు ఉన్నట్టు ఈ పనికి మన దేశంలో ఒక కౌన్సిల్ లేదు. ఉంటే మంచిదే. కానీ లైసెన్సు ఒక్కటే కాపాడదు. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో మసాజ్ థెరపిస్టులకు లైసెన్సు ఉంటుంది. అక్కడే జరిగింది మనమెవరమూ మాట్లాడడానికి ఇష్టపడని సంగతి.

రవి జకరయాస్ పేరు మన యువతకు కొత్త కాదు. చెన్నైలో పుట్టి, ప్రపంచమంతా తిరిగి, విశ్వాసం గురించి మేధావులతో వాదించిన మనిషి. ఆయన ఉదాహరణలు మా ప్రసంగాల్లోనూ వాడుకున్నాము. 2020 మేలో ఆయన చనిపోయారు. సెప్టెంబరులో 'క్రిస్టియానిటీ టుడే' పత్రిక, ఆయన భాగస్వామిగా ఉన్న స్పాలలో పనిచేసిన స్త్రీల మాటలు బయటపెట్టింది. ఆయన సంస్థ మొదట నమ్మలేదు. తర్వాత తానే ఒక న్యాయవాదుల సంస్థతో విచారణ చేయించింది. 2021 ఫిబ్రవరిలో వచ్చిన నివేదిక ఆ స్త్రీల మాటను బలపరిచింది. ఆయనకు నిజంగానే వెన్నునొప్పి ఉంది, ఆ నొప్పికే మసాజ్. ఆ మసాజ్ గదిలో తమను అనుచితంగా తాకాడని ఐదుగురు థెరపిస్టులు చెప్పారు. అత్యాచారమని ఒకామె చెప్పింది. పరిచర్య డబ్బుతో ఆదుకుని, ఆ తర్వాత ఆమె నుంచి లైంగిక కోరికలు తీర్చుకున్నాడు. ఆమె నోరు విప్పితే లక్షల ఆత్మలు నశిస్తాయని, ఆ పాపం ఆమెదేనని భయపెట్టాడు. ఆయన అభిషేకాన్ని ఆయన డినామినేషన్ చనిపోయాక రద్దు చేసింది.

ఇది రాస్తుంటే మాకు రెండవ సమూయేలు 13వ అధ్యాయం గుర్తొస్తుంది. అమ్నోను జబ్బు నటించి మంచం ఎక్కాడు. సేవ చేయడానికి తామారునే పంపమన్నాడు, గదిలో అందరినీ బయటికి పంపేశాడు. తామారు గట్టిగా కాదంది. తర్వాత అన్న ఆమెను ఊరుకోమన్నాడు. రాజైన తండ్రికి కోపం వచ్చింది, కానీ ఏమీ చేయలేదు. ఆ అధ్యాయం మన పీఠాల మీద నుంచి ఎన్నిసార్లు వినిపించింది? మాకు గుర్తున్నంతలో మేమే ఒక్కసారి కూడా బోధించలేదు.

ఇప్పుడు చట్టం సంగతి. పనిచేసే చోట స్త్రీలపై లైంగిక వేధింపులను అరికట్టే 2013 చట్టం, వేధించేవాడు యజమానో తోటి ఉద్యోగో అయితేనే వర్తిస్తుందని చాలామంది అనుకుంటారు. కాదు. ఆ చోటికి వచ్చిపోయేవారి నుంచి కూడా రక్షణ కల్పించడం యజమాని బాధ్యత అని 19వ సెక్షను చెబుతుంది. యాప్‌లో పిలిస్తే ఇంటికి వెళ్ళి మసాజ్ చేసే అమ్మాయికి ఆ ఇల్లు కూడా పనిచేసే చోటే. పదిమందికి తక్కువ పనివాళ్ళున్న స్పా అయితే జిల్లాలోని స్థానిక కమిటీకి ఫిర్యాదు చేయవచ్చు. మూడు నెలల లోపల చేయాలి, తగిన కారణం ఉంటే ఇంకో మూడు నెలలు గడువు ఇస్తారు. రాయడం రాకపోతే రాసుకోవడానికి కమిటీ సాయం చేయాలి. భారతీయ న్యాయ సంహిత 75వ సెక్షను కింద పోలీసు కేసు కూడా పెట్టవచ్చు.

పోలీసులనగానే భయం ఎందుకో మాకు తెలుసు. స్పా మీద దాడి అంటే టీవీలో మొదట కనిపించేది చున్నీతో ముఖం కప్పుకున్న ఆడపిల్లే. పోతీఫరు ఇంట్లో హద్దు దాటింది యజమాని భార్య, చెరసాలకు వెళ్ళింది యోసేపు. నిజానికి సెక్స్ వర్కర్ల ఫొటోలను, గుర్తింపును కూడా దాడుల సమయంలో మీడియా బయటపెట్టకూడదని సుప్రీంకోర్టు 2022 మే 19న ఆదేశించింది. 2021లో ఢిల్లీ ప్రభుత్వం ఆడవారికి ఆడవారే, మగవారికి మగవారే మసాజ్ చేయాలని నియమం పెడితే, హైకోర్టు డిసెంబరులో దాన్ని ఆపేసింది. అలాంటి నియమం వస్తే ముందు పని పోయేది ఎవరికో మాకైతే అర్థమవుతూనే ఉంది.

సంఘాలకు ఒక మాట. కన్వెన్షన్‌కు వచ్చిన దైవజనుడికి ప్రయాణ బడలిక అని, యూత్‌లోని పిల్లలను గదికి పంపి కాళ్ళు పట్టించే అలవాటు కొన్ని చోట్ల ఉంది. వినయం నేర్పుతున్నామంటారు. యేసు అయితే తానే వంగి శిష్యుల కాళ్ళు కడిగాడు. ఆ అలవాటు మానేయండి. అతిథికి నొప్పిగా ఉంటే ఫిజియోథెరపిస్టు దగ్గరికి తీసుకువెళ్ళండి, ఫీజు సంఘమే కట్టండి.

ఆ చెల్లెలికి జనవరిలో ఫోను చేశాము. ముందు క్షమాపణ అడిగాము. నీ పని పాపం కాదమ్మా అని చెప్పాము. తేదీలు, టైములు, మేనేజరు అన్న మాటలు ఒక నోటుబుక్కులో రాసిపెట్టుకోమన్నాము. ఆమె ఇంకా ఫిర్యాదు ఇవ్వలేదు. అద్దె కట్టాలి, తమ్ముడి ఫీజు ఉంది, ఆలోచించుకుని చెబుతానంది. ఇవ్వాలనుకున్న రోజు కన్నడలో రాసిపెట్టి, ఆమె వెంట కమిటీ ముందుకు వెళ్ళడానికి మా సంఘం నుంచి ఇద్దరు అక్కలు సిద్ధంగా ఉన్నారు.