చక్రం తిప్పేదెవరు?

మొన్న వసంతంలో మా ఇంట్లో ఒక చిన్నపాటి యుద్ధం జరిగింది. కారణం రెండు చక్రాలు. రథానివీ కావు, కారువీ కావు, సైకిలువి. ఖరీదు అక్షరాలా రెండు వేల రెండు వందల డాలర్లు.

అసలు సంగతి చెప్తాను. నాలుగేళ్ళ క్రితం డాక్టరు గారు నా రక్తపరీక్ష కాగితం చూసి, "షుగరు గుమ్మం దాకా వచ్చింది, లోపలికి రానిస్తారో లేదో మీ ఇష్టం" అన్నారు. మా నాన్నగారిని తీసుకుపోయింది ఆ జబ్బే. ఆ వారమే సైకిలు కొన్నాను. అప్పటినుంచి మంచు కరిగింది మొదలు ఆకులు రాలేదాకా, ఆదివారం పొద్దున్నే ట్రాయ్ నుంచి మనవాళ్ళం అయిదారుగురం బయల్దేరతాం. స్టోనీ క్రీక్ పార్కులో చెరువు చుట్టూ ఉన్న ఆరు మైళ్ళ దారిలో రెండు చుట్లు తిరిగి, ఇడ్లీల వేళకి ఇల్లు చేరతాం.

కిందటేడు మా బృందంలో ఒకాయన కార్బన్ చక్రాలు వేయించారు. లోతైన రిమ్ములు, నల్లగా నిగనిగ, వెళ్తుంటే 'హుమ్' అని ఒక చప్పుడు. నెల తిరక్కుండా మరో ఇద్దరు వేయించారు. నేను వెనకబడ్డాను. చెరువు మలుపు దగ్గర నాకోసం వాళ్ళు ఆగి ఎదురుచూడటం మొదలయ్యాక, ఏవో సాకులు చెప్పి రెండు ఆదివారాలు మానేశాను కూడా. చివరికి చక్రాలు కొంటానని ఇంట్లో చెప్తే, మా ఆవిడ ఒక్కటే అడిగింది. "చక్రాలకి సరేనండీ, మరి కాళ్ళకెంతవుతుంది?"

ఉక్రోషంతో లెక్కలు తీశాను. ఇరవై ఏళ్ళుగా కార్ల భాగాల లెక్కలు కట్టేవాణ్ణి కదా! చదునైన రోడ్డు మీద వేగం పెరిగేకొద్దీ మన అసలు శత్రువు గాలి. ఆ గాలికి అడ్డుపడేది ఎక్కువగా మన ఒళ్ళే, చక్రాల వాటా కొంచెమే. పైగా గాలిని చీల్చడానికి కావలసిన శక్తి వేగం ఘనంతో పెరుగుతుంది. ఒక చక్రాల జత 40 కిలోమీటర్ల వేగంలో 10 వాట్లు ఆదా చేస్తుందనుకోండి. 20 కిలోమీటర్ల వేగంలో అందులో ఎనిమిదో వంతు, అంటే ఒకటింపావు వాటు! ఇక బరువంటారా, తగ్గేది 400 గ్రాములు. నేనూ సైకిలూ కలిపి 91 కిలోలు. ఆ 400 గ్రాములు నా పొట్టలోనే దొరుకుతాయి, అదీ ఉచితంగా.

1989 టూర్ ద ఫ్రాన్స్ గుర్తుందా? చివరి రోజు వెర్సాయ్ నుంచి పారిస్‌కి 24.5 కిలోమీటర్ల పోటీ. లోరాఁ ఫిన్యోఁ 50 సెకన్లు ముందున్నాడు. ముందూ వెనకా రెండూ ఊచల్లేని బిళ్ళ చక్రాలే, కానీ నెత్తిన ఏమీ లేదు, పిలక గాలికి ఎగురుతోంది. అమెరికన్ గ్రెగ్ లెమాండ్‌కి బిళ్ళ చక్రం వెనక ఒక్కటే. అయితే తలకి కోసుగా ఉన్న హెల్మెట్ పెట్టుకుని, ముందుకు సాగిన హ్యాండిల్ మీద మోచేతులు ఆనించి, ఒళ్ళు ముడుచుకుని తొక్కాడు. మొత్తం టూర్‌ని 8 సెకన్ల తేడాతో గెలిచాడు. చక్రాల పందెంలో ఫిన్యోఁదే పైచేయి, కూర్చున్న తీరులో లెమాండ్‌ది.

అయినా ఆశ చావక, మిత్రుడి చక్రాలు ఒక ఆదివారం అరువడిగాను. సాఫీగా సాగాయి, కాదనను. చుట్టుకి అరనిమిషం కలిసొచ్చింది. అందులో చక్రాలదెంతో, ఆ రోజు నా హుషారుదెంతో దేవుడికే తెలియాలి. చెరువు గట్టున పక్కగాలి ముందు చక్రాన్ని తోసినప్పుడు మాత్రం గుండె గొంతులోకి వచ్చింది. పైగా చలికాలం దాటాక మన మిషిగన్ రోడ్ల గుంతలు మీకు తెలియనివా? రెండు వేల డాలర్ల రిమ్ముతో వాటిలో పడటం నావల్ల కాదు.

చివరికి ఏం చేశానంటారా? మంచి టైర్లు వేయించాను, గాలి సరిగ్గా పట్టించాను. సీటూ హ్యాండిలూ నా ఒంటికి సరిపోయేలా షాపులో కొలిపించి మార్పించాను. అంతా కలిపి మూడు వందల లోపే. మిగిలిన డబ్బులో కొంత పెట్టి ఇంకో సైకిలు కొన్నాం, మా ఆవిడకి. వాళ్ళ వైపూ షుగరుంది మరి.

చక్రాలు కొన్నవాళ్ళని తప్పుపట్టను. వెలోడ్రోమ్‌లో సెకన్ల కోసం పోటీపడే కుర్రాళ్ళకి అవి పనిముట్లే. ఆ నిగనిగ చూసుకుని పొద్దున్నే పక్క దిగబుద్ధేస్తే, మీరూ కొనుక్కోండి, డబ్బు వృథా కాదు. కాని అవి లేవన్న చిన్నతనంతో సైకిలే మానేయకండి. నేను మానేసిన ఆ రెండు ఆదివారాలే ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికన్నా ఖరీదైనవి.

ఇప్పుడూ నేను వెనకే. కాకపోతే పక్కన తోడుంది. మలుపు దగ్గర వాళ్ళు ఎదురుచూస్తూనే ఉంటారు. చూడనివ్వండి!