కామాటిపురలో తెలుగు ఛానెళ్లు ఏమైనట్లు?

పల్లెల నుంచి పొట్ట చేతబట్టుకుని వెళ్లిన కామాటీల పేరే కామాటిపురకు నిలిచింది. అక్కడి చాళ్లలో తెలుగు ఛానెల్ ఆగినప్పుడల్లా నింద కేబుల్ తీగపై పడుతోంది. కారణం తరచుగా వేరు.

ముంబయిలో 2012 నవంబరు 1 నుంచి సెట్‌టాప్ బాక్సు తప్పనిసరి అయింది. 2019 ఫిబ్రవరి 1 నుంచి ట్రాయ్ నిబంధనల ప్రకారం రుసుము ఛానెళ్లను ప్రేక్షకుడే ఎంచుకోవాలి. హిందీ, మరాఠీ ప్యాకేజీ తీసుకున్న ఇంటికి తెలుగు దానంతటదే రాదు.

అన్ని ఛానెళ్లూ ఆగితే దోషం తీగదో, బాక్సుదో. బొమ్మ గళ్లుగళ్లుగా చెదిరితే సిగ్నల్ బలహీనమైనట్లు. తీగ బిగింపులు చూడాలి. తక్కినవన్నీ వస్తూ తెలుగు ఒక్కటే రాకుంటే ముందు ప్యాకేజీని సరిచూడాలి. ఆపరేటరు వద్దనున్న ఏ ఛానెల్‌నైనా విడిగా కోరే హక్కు చందాదారుకు ఉంది.

నెలవారీ రుసుము భారమైన వారికి దూరదర్శన్ ఉచిత డిష్ ఉంది. అందులో యాదగిరి, సప్తగిరి ఛానెళ్లు వస్తాయి. ముంబయిలో డిష్‌ను ఆగ్నేయానికి తిప్పాలి. ఇరుకు చాళ్లలో ఆ దిక్కున ఆకాశం కనబడే చోటు దొరకడమే కష్టం.

బడిలో తెలుగు లేని పిల్లలకు ఇంట వినిపించే ఆ మాట చిన్నది కాదు. ఊరి నుంచి ఫోను చేసే పెద్దలు ఈ సంగతి చెప్పడం మేలు.