‘నాలుగైదు సార్లండీ’ అంటే వైద్యమెలా?

‘‘రోజుకు ఎన్నిసార్లు వెళ్తున్నారమ్మా? రక్తం పడుతోందా?’’ ఓపీ గదిలో డాక్టరు ప్రశ్న. ‘‘నాలుగైదు సార్లండీ... అప్పుడప్పుడూ పడుతోంది’’ అంటుందామె. పక్కన మామగారు, తలుపు దగ్గర తోసుకుంటున్న మరో పదిమంది. రాత్రిపూట రెండుసార్లు నిద్రలోంచి లేవాల్సి వస్తోందన్న సంగతి ఆమె నోట రాదు. డాక్టరు చీటీ మీద ‘4-5’ అని రాస్తారు. తర్వాతి మూడు నెలల మందులు ఆ అంకె మీదే నడుస్తాయి.

అల్సరేటివ్ కోలైటిస్, క్రోన్స్ వంటి పేగు జబ్బుల్లో ఈ అంకె ఉజ్జాయింపుగా ఉంటే సరిపోదు. ఇవి మందులకు సద్దుమణుగుతాయి, కొన్నాళ్లకు మళ్లీ రేగుతాయి. కోలైటిస్ తీవ్రతను కొలవడానికి ట్రూలవ్, విట్స్ అనే వైద్యులు 1955లో ఆక్స్‌ఫర్డ్‌లో చెప్పిన కొలమానం ఇప్పటికీ వాడుకలో ఉంది: రోజుకు ఆరు లేదా అంతకుమించి రక్త విరేచనాలు, వాటికి తోడు జ్వరమో, నాడి వేగమో, రక్తహీనతో ఉంటే జబ్బు ముదిరినట్టే, ఆసుపత్రిలో చేర్చాల్సిందే. మాత్రలిచ్చి ఇంటికి పంపడానికీ, వార్డులో మంచం ఇవ్వడానికీ మధ్య తేడా ఒకటి రెండు విరేచనాల లెక్కలో ఉండొచ్చు. ఆ లెక్కను మూడు నెలల నాటి జ్ఞాపకానికి వదిలేస్తున్నాం.

చేతిలో ఫోను ఉన్నప్పుడు ఇలా వదిలేయాల్సిన అగత్యం లేదు. నెదర్లాండ్స్‌లో ‘మై ఐబీడీ కోచ్’ అనే పద్ధతిని 909 మంది రోగులతో ఏడాదిపాటు పరీక్షించి, ఫలితాలను 2017లో ‘లాన్సెట్’ పత్రికలో ప్రకటించారు. మామూలు వైద్యం పొందినవాళ్లు ఏడాదిలో సగటున 2.34 సార్లు ఓపీకి వస్తే, ఇంటి నుంచే లక్షణాలు నమోదు చేసినవాళ్లు 1.55 సార్లే వచ్చారు. ఆసుపత్రిలో చేరాల్సిన అవసరమూ సగానికి తగ్గింది. వైద్యం నాణ్యత తగ్గిందని రోగులు చెప్పలేదు. శ్రీకాకుళం నుంచి విశాఖకు, ఆదిలాబాద్ నుంచి హైదరాబాద్‌కు బస్సెక్కే రోగికి తప్పే ప్రతి ప్రయాణమూ ఒక రోజు కూలి. దారిలో మరుగుదొడ్డి ఎక్కడుందో వెతుక్కునే అవస్థ సంగతి చెప్పనే అక్కర్లేదు.

ఈ పేగు జబ్బులు పట్నవాసపు జబ్బులు అనుకునే రోజులు పోయాయి. తెలంగాణ పల్లెల్లోనూ ఇవి అరుదు కాదని హైదరాబాద్ వైద్యుల పరిశీలనలే చెబుతున్నాయి. అక్కడ రక్తం పడితే మొలలనుకుని నాటు మందులతో ఏళ్లు గడిపేవారున్నారు. క్రోన్స్‌ను పేగు క్షయగా పొరబడి ఆ మందులు మింగేవారూ ఉన్నారు.

కాబట్టి రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలూ పేగు జబ్బుల రోగులకు తెలుగు యాప్ ఇచ్చి తీరాలి. ఇంగ్లిషు యాప్‌కు అనువాదం అతికిస్తే పనికిరాదు. ‘ఆపుకోలేకపోతున్నారా?’, ‘వెళ్లొచ్చినా మళ్లీ వచ్చినట్టుంటోందా?’, ‘బంక పడుతోందా?’ అని మన ఇళ్లలో అడిగినట్టే అడగాలి. మలం తీరును ఏడు బొమ్మల్లో చూపే బ్రిస్టల్ పట్టిక 1997 నుంచీ ఉంది. చదువురానివారు బొమ్మ మీద వేలు పెడితే చాలు. నిమిషంలో పని ముగియాలి. ఇంకొకటి: మన ఇళ్లలో ఫోను ఒక్కరిది కాదు. కొడుకు గేమ్ ఆడుతుంటే తల్లి విరేచనాల లెక్క తెర మీదికి రాకూడదు. ఈ వివరాలు బీమా కంపెనీలకు చేరకుండా 2023 నాటి వ్యక్తిగత డేటా చట్టాన్ని అక్షరాలా అమలు చేయాలి.

‘ఇవన్నీ చదవడానికి మాకు తీరికేదీ?’ అని డాక్టర్లు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. అవతల చూసేవాళ్లు లేకపోతే యాప్ తాళం తీయని పోస్టు డబ్బా అవుతుంది. రక్తం మూడు రోజులు వరసగా పడిందని రోగి నమోదు చేస్తే, శిక్షణ పొందిన నర్సు ఫోను చేయాలి. లోపల పుండు మానిందో లేదో లక్షణాలు ఒక్కటే చెప్పలేవు, దానికి కాల్‌ప్రొటెక్టిన్ పరీక్ష, కొలనోస్కోపీ ఉండాల్సిందే. అవి ఎప్పుడు చేయించాలో మాత్రం ఈ లెక్క ముందే హెచ్చరిస్తుంది. ఫోను లేనివారికి అవే ప్రశ్నలతో అచ్చు పుస్తకం ఇస్తే సరి.

నిమ్స్, ఉస్మానియా, విశాఖ కేజీహెచ్ జీర్ణకోశ విభాగాలతో మొదలుపెట్టండి. ముందు ఒక్కోచోట ఈ పనికే ఒక నర్సును నియమించండి, ఆ తర్వాతే యాప్ విడుదల చేయండి. నర్సు లేకుండా మంత్రిగారు బటన్ నొక్కి ప్రారంభించే యాప్ రోగులకు అక్కర్లేదు.