బొక్కసమునకు కావలి యెవరు?



సర్కారు సొమ్మనగానే అది మనది కాదని తలంచుట మనలో చిరకాలముగ వేరూనిన పొరపాటు. మనము కొను అగ్గిపెట్టె మొదలు ట్రాక్టరు వఱకు చెల్లించు పన్నులే ఆ బొక్కసమును నింపుచున్నవి. దానికి కన్నము వేసినవాడు మన గాదెకు కన్నము వేసినవాడే. అయితే ఒక భేదము కలదు. గాదెలో ధాన్యము పోయినచో తెల్లవారుసరికి తెలియును. బొక్కసములో సొమ్ము పోయినచో ఏండ్లు గడచినను తెలియదు. ఏలయన ఈ దొంగ గోడ త్రవ్వడు; రసీదు వ్రాయును.

ఆ రసీదు అబద్ధమని యెఱిగినవారు ఒకరిద్దఱే యుందురు. దానిని వ్రాసిన గుమాస్తా, సరకు తూచిన పనివాడు, లెక్క సరిచూచిన ఉద్యోగి. వారు నోరు విప్పినచో కొలువు పోవును. మిన్నకున్నచో జీతము నిలుచును. ఇట్టివారికి ధర్మబోధ చేసినంత మాత్రమున చాలునా? చాలదనియు, నిజము చెప్పువానికి చట్టమే దారియు రక్షణయు కల్పింపవలెననియు మా అభిప్రాయము. ఇందుకు అమెరికా సంయుక్త రాష్ట్రముల అనుభవము నిదర్శనముగా నున్నది.

ఆ దేశమున 1861 మొదలు 1865 వఱకు అంతర్యుద్ధము జరిగినది. సేనలకు సరకులిచ్చిన కంట్రాక్టరులలో కొందఱు తుపాకిమందులో రంపపుపొట్టు కలిపిరి. గుడ్డపీలికలు నలుగగొట్టి నేసిన బట్టతో సిపాయిలకు దుస్తులు కుట్టిరి. అవి వానకే విడిపోయెను. రోగిష్ఠి కంచరగాడిదలను అంటగట్టిరి. అప్పుడు ప్రెసిడెంటు అబ్రహాం లింకను 1863 మార్చి 2వ తేదీన ఒక శాసనముపై సంతకము చేసెను. తప్పుడు బిల్లుతో ప్రభుత్వమును మోసగించినవాడు నష్టమునకు రెట్టింపును, ఒక్కొక్క బిల్లుకు 2,000 డాలర్ల జరిమానాను చెల్లింపవలెను. అందలి ముఖ్యవిశేషము వేఱొకటి. ప్రభుత్వ న్యాయవాది కదలకున్నను, మోసమునెఱిగిన పౌరుడే ప్రభుత్వ పక్షమున దావా వేయవచ్చును. గెలిచినచో వసూలైన సొమ్ములో సగము వానికి చెందును.

ఈ పద్ధతి ఇంగ్లాండున మధ్యయుగములనాడే యుండెను. రాజు కొఱకును తన కొఱకును దావా వేయువాడను అర్థముగల లాటిను మాటలనుండి దీనికి ‘క్వీ టామ్’ అను పేరు వచ్చినది. లింకను కాలమున సెనేటులో బిల్లును సమర్థించిన జేకబు హోవార్డు, ఇది దొంగచేతనే దొంగను పట్టించు ఉపాయమని దాపరికము లేక చెప్పెను. ముల్లును ముల్లుతోనే తీయవలెనను మన పెద్దల మాటయు నిదే.

తరువాతి చరిత్ర మఱింత బోధకరము. రెండవ ప్రపంచయుద్ధకాలమున కొందఱు, ప్రభుత్వము అంతకుముందే పెట్టిన నేరారోపణపత్రములను చూచి వ్రాసికొని, శ్రమపడకయే దావాలు వేయసాగిరి. దీనిని మాన్పుటకై 1943లో అమెరికా కాంగ్రెసు చట్టమును సవరించి వాటాను తగ్గించెను. ప్రభుత్వమునకు ముందే తెలిసిన సంగతిపై దావా చెల్లదనెను. కలుపు తీయబోయి పైరును పెఱికినట్లయ్యెను. విస్కాన్సిన్ రాష్ట్రము పేదల వైద్యసహాయ నిధులలో జరిగిన మోసమును తానే కనిపెట్టి, కేంద్రమునకు తెలిపి, పిమ్మట దావా వేసెను. ప్రభుత్వమునకు ముందే తెలియునుగనుక ఆ దావా చెల్లదని 1984లో న్యాయస్థానము త్రోసివేసెను. ఆ తెలిపినది ఆ రాష్ట్రమేయైనను ఫలము లేకపోయెను!

సెనేటరు చార్లెస్ గ్రాస్లీ, ప్రతినిధి హోవార్డు బెర్మన్ ప్రభృతుల కృషిచే 1986లో ఈ లోపము సవరింపబడెను. నష్టపరిహారము మూడు రెట్లయ్యెను. దావాను ప్రభుత్వము చేపట్టినచో వాదికి నూటికి 15 మొదలు 25 వఱకును, చేపట్టకున్నను వాడొంటరిగా పోరాడి గెలిచినచో 25 మొదలు 30 వఱకును వాటా నిర్ణయింపబడెను. కక్షతో కొలువునుండి తొలగింపబడినవానికి మరల కొలువును, రావలసిన జీతమునకు రెట్టింపును ఇప్పించు నియమము చేర్చబడెను. నాటినుండి 2024 వఱకు ఈ చట్టము క్రింద వసూలైన సొమ్ము 7,500 కోట్ల డాలర్లను మించినది. 2024వ ఆర్థికసంవత్సరమున పౌరులు వేసిన దావాలే 979. మనుష్యులు మాఱలేదు, దొంగలు మాఱలేదు. తలుపు తెఱువబడినది, అంతే.

ఈ తలుపు తట్టినవారిలో మన దేశీయుడును కలడు. ఉస్మానియా విశ్వవిద్యాలయమున ఇంజనీరింగు చదివిన దినేష్ ఠాకూర్ రాన్‌బాక్సీ అను ఔషధముల కంపెనీలో ఉద్యోగియై, మందుల పరీక్షాఫలితములు కల్పితములని కనుగొని, 2005లో కొలువు వదలి, 2007లో అమెరికాలో దావా వేసెను. 2013 మే నెలలో ఆ కంపెనీ అమెరికా శాఖ నేరము నంగీకరించెను. కంపెనీ మొత్తము 50 కోట్ల డాలర్లు చెల్లించుటకు ఒప్పుకొనెను. అందు ఠాకూరునకు వచ్చిన వాటా సుమారు 4 కోట్ల 80 లక్షల డాలర్లు. అంత సొమ్మా యని మనకు తోచవచ్చును. కాని కొలువు వదలి, ఫలితమెఱుగక ఎనిమిదేండ్లు వేచియుండిన ఆ గృహస్థు కష్టమును గూడ తూచి చూడవలెను.

బహుమానము చూపినచో అసూయాపరులు అబద్ధపు దావాలు వేయరా యని కొందఱందురు. ఆ శంక న్యాయమైనదే. కావుననే ఆ చట్టమున కట్టుబాట్లున్నవి. దావా మొదట కనీసము 60 దినములు న్యాయస్థానమున రహస్యముగ నుండును. ఆ లోపల ప్రభుత్వము విచారించును. గనుక నిరపరాధి పేరు వెంటనే వీధికెక్కదు. మోసమును తానే పన్నినవాని వాటా తగ్గింపబడవచ్చును. వాడు ఆ నేరమునకు శిక్షపడినవాడైనచో వానికేమియు రాదు. బొత్తిగ ఆధారము లేని దావా వేసి వేధించినవాడు ప్రతివాది ఖర్చు లిచ్చుకొనవలసి రావచ్చును. చట్టమునకు ఎదురుగాలియు లేకపోలేదు. 2024లో ఫ్లోరిడాయందలి ఒక జిల్లా న్యాయాధిపతి ఇట్టి దావాలు రాజ్యాంగవిరుద్ధములని తీర్పు చెప్పగా, దానిపై అప్పీలు దాఖలైనది.

ఇక మన సంగతి చూతము. ఆదాయపు పన్ను ఎగవేతను తెలిపినవారికి బహుమానమిచ్చు పథకమును మన ప్రభుత్వము 2018లో ప్రకటించినది. కాని అది అధికారుల దయపై నాధారపడిన దానము. తెలిపినవాడు హక్కుగ అడుగజాలడు, దావా వేయజాలడు. 2002లో సత్యేంద్ర దూబే అను యువ ఇంజనీరు జాతీయ రహదారి పనులందలి అక్రమములను ప్రధానమంత్రి కార్యాలయమునకు వ్రాసి, తన పేరు గోప్యముగ నుంచవలసినదని వేడుకొనెను. ఆ లేఖ పేరుతోసహా కార్యాలయములు తిరిగెను. 2003 నవంబరు 27న గయలో అతడు కాల్చి చంపబడెను. అది దోపిడిగాండ్ర పనియని సి.బి.ఐ. తేల్చినను, పేరు పొక్కుట యెంత అపాయకరమో దేశమున కందఱికిని తెలిసినది. ఇట్టివారిని రక్షించుటకు పార్లమెంటు చేసిన చట్టము 2014 మేలో రాష్ట్రపతి ఆమోదము పొందెను. అది అమలులోనికి వచ్చినదను ప్రకటన మాత్రము పదేండ్లు గడచినను వెలువడలేదు. విత్తనము కొని గాదెలో దాచినవానికి పంట యెట్లు వచ్చును?

సహకార సంఘములకు ఈ విషయము మఱింత దగ్గఱది. 1964 నాటి ఆంధ్రప్రదేశ్ సహకార సంఘముల చట్టమున 51వ సెక్షను విచారణకును, 60వ సెక్షను సంఘపు సొమ్ము హరించినవారినుండి సర్‌ఛార్జిగ రాబట్టుటకును వీలు కల్పించుచున్నవి. సొమ్ము రాబట్టుటకు దారి కలదు; దొంగను చూపిన గుమాస్తా కొలువు నిలుపుటకు దారి యేది? లేని రైతు పేర ఋణము వ్రాయబడినను, రాయితీ యెరువు దొడ్డిదారిని పోయినను మొదట చూచువాడు అతడే.

కావున రెండు పనులు కావలెను. 2014 నాటి చట్టమును అమలుచేసి, ప్రభుత్వపక్షమున దావా వేయు హక్కును తగిన కట్టుబాట్లతో పౌరునకు కల్పింపుడని మన ప్రతినిధులను గట్టిగ అడుగవలెను. అది జరుగువఱకు చేతులు ముడుచుకొనక, ప్రతి సంఘమును తన మహాజనసభలో తీర్మానము చేయవలెను: ఆడిటు నివేదికను తెలుగున సభలో బిగ్గఱగ చదువవలెను, సంతకముతో ఫిర్యాదు తెచ్చిన ఉద్యోగిని, ఆ విచారణ ముగియువఱకు, సభ యనుమతి లేక తొలగింపరాదు. దీనికి ఖర్చు లేదు. కావలసినది సభకు వచ్చి చేయి యెత్తు సభ్యులు. పొలమునకు కావలి కుక్కను పెంచి, అది మొఱిగినప్పుడు కొట్టువాడు పంటను నిలుపుకొనలేడు.