సెంట్రల్ స్టేషనులో ఒక మధ్యాహ్నం

మిడిల్ పాయింట్‌లో మా ఇంటి పొరుగున మూడవ తరగతి చదువుతున్న చిరంజీవి ఒకడు ఉన్నాడు. ఒకనాటి సాయంత్రం అతడు మా వద్దకు వచ్చి, "అంకుల్, రైలు పట్టాలు ఎక్కడ అయిపోతాయి?" అని అడిగాడు. ద్వీపంలో పుట్టి పెరిగిన బాలుడు. పాఠ్యపుస్తకంలోను, టీవీలోను తప్ప రైలును చూచి ఎరుగడు. మూడు దశాబ్దాలుగా ఇంజనీరు ఉద్యోగం చేస్తున్న మాకు ఆ ప్రశ్నకు చప్పున సమాధానం తోచలేదు.

మన దీవులలో ప్రయాణికుల రైలు లేదు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఇక్కడ తెలుగు మాతృభాషగా గలవారు సుమారు 13 శాతం. వీరిలో అనేకుల మూలాలు శ్రీకాకుళం, విశాఖపట్నం తీరాలలో ఉన్నాయి. ఓడలో చెన్నై చేరినవారు అక్కడి సెంట్రల్ స్టేషనులోనే సొంత ఊరి రైలు ఎక్కడం పరిపాటి. 1990 దశకంలో ఉద్యోగంలో చేరడానికి వచ్చినప్పుడు మేమూ ఆ స్టేషనులోనే దిగాము. తరువాత ఎన్ని పర్యాయాలు ఆ ద్వారం గుండా వెళ్ళామో లెక్క లేదు. అయినను ఒక్కసారి కూడా తలయెత్తి ఆ భవనాన్ని చూచిన పాపాన పోలేదు. సామాను, కూలీ, టికెట్టు, బోగీ నంబరు — మా దృష్టి అంతా వీటిమీదనే ఉండేది.

2025లో సికింద్రాబాదు స్టేషను పాత ముఖద్వారాన్ని, దాని కమానులతో సహా, కొత్త భవనం కోసం కూల్చివేశారు. యౌవనంలో ఇంటర్వ్యూలకు వెళ్ళినప్పుడు ఆ కమానుల క్రింద గంటల తరబడి కూర్చున్నాము. కూల్చివేత వార్త చదివిన తరువాత వాటిని జ్ఞాపకం చేసుకొనబోతే, అవి ఎన్ని ఉండేవో కూడా గుర్తుకు రాలేదు. పెరిగిన రద్దీకి కొత్త స్టేషన్లు అవసరమే. ఇంజనీరుగా ఆ మాట కాదనలేము. కాని, చూడకుండానే పోగొట్టుకొన్నామే అన్న బాధ మాత్రం మిగిలింది.

కళాశాలలో చేరనున్న మా అమ్మాయిని విశాఖపట్నం పంపడానికి ఈసారి కుటుంబంతో చెన్నై చేరాము. హౌరా మెయిల్ సాయంత్రానికి. సామాను క్లోక్ రూములో వేసి, ముగ్గురమూ రోడ్డు దాటి, ఎదుటి కాలిబాటపై నిలబడి స్టేషనును చూచాము.

ఎర్రని గోడలు, తెల్లని అంచులు, వరుసగా కమానులు, వాటి నడుమ 136 అడుగుల గడియారపు గోపురం. నాలుగు ముఖాలు గల ఆ గడియారం పావుగంటకొకసారి మ్రోగుతుంది. చెన్నైలో మొదటి స్టేషను ఇది కాదు. 1856లో రాయపురం నుండి ఆర్కాటు వైపు దక్షిణ భారతంలో మొట్టమొదటి ప్రయాణికుల రైలు నడిచింది. రాయపురం భవనం నేటికీ నిలిచి ఉన్నది. అక్కడ రద్దీ పెరుగగా, ఒకప్పుడు జాన్ పెరీరా తోటగా పిలువబడిన స్థలంలో 1873లో సెంట్రల్‌ను నాలుగు ప్లాట్‌ఫారాలతో ప్రారంభించారు. జార్జి హార్డింగ్ రూపొందించిన ఈ భవనానికి, సెనేట్ హౌస్ నిర్మించిన రాబర్ట్ చిషోమ్ గోపురాది మార్పులు చేర్చాడు. 1900 నాటికి ఈ పని పూర్తయింది. 2019లో స్టేషనుకు పురట్చి తలైవర్ డాక్టర్ ఎం.జి.రామచంద్రన్ పేరు పెట్టారు. ఆటోవారికి మాత్రం నేటికీ అది సెంట్రలే.

లోపల రెండవ, మూడవ ప్లాట్‌ఫారాల నడుమ '2ఎ' అని ఒక పొట్టి ప్లాట్‌ఫారం ఉన్నది. అమ్మాయి దానిని చూచి, "ఉన్న ఇంటికి వసారా దింపినట్లున్నది నాన్నగారూ" అన్నది. ఉన్న స్థలంలోనే అవసరాలను సర్దుకొంటూ పెరిగిన స్టేషనుకు అంతకన్న మంచి వ్యాఖ్య మాకు తోచలేదు.

ఆ తరువాత పట్టాల చివర వరకు నడిచాము. సెంట్రల్‌లో పట్టాలు భవనం వద్దకు వచ్చి, ఇనుప బఫర్ల ముందు ఆగిపోతాయి. లోనికి వచ్చిన ఇంజను ముందుకు పోజాలదు. వెనుక బోగీలున్నందున మరలిపోనూలేదు. వేరొక ఇంజను వచ్చి బోగీలను లాగివేసిన తరువాతనే దానికి విముక్తి. బయలుదేరే బండికి రెండవ కొసన వేరొక ఇంజను తగిలిస్తారు. నేడు చాలా చోట్ల పట్టాల క్రింద కాంక్రీటు స్లీపర్లు పరచి ఉంటాయి. పూర్వం కలప దుంగలు ఉండేవి. ఆ కలపలలో మన అండమాన్ గర్జన్ కూడా ఒకటి. రైలు లేని దీవులు రైలు బరువును మోసినాయన్నమాట!

సాయంత్రం బండి వచ్చింది. మా గృహిణి, అమ్మాయి ఎక్కారు. సెలవు చాలక మేము ఆగిపోయాము. చేరబోయే కళాశాల గురించి, హాస్టలు భోజనం గురించి చెప్పదలచినవన్నీ ఓడలోనే చెప్పివేశాము. కిటికీ వద్ద నిలబడితే మాట రాలేదు. అమ్మాయే, "గడియారం మ్రోగింది, విన్నారా నాన్నగారూ?" అన్నది. ప్లాట్‌ఫారపు గోలలో మాకు వినిపించలేదు. వినిపించినదనే చెప్పాము. బండి కదిలిపోయిన తరువాత, తిరిగి బఫర్ల వైపు నడిచాము.

మిత్రులకు ఒక మనవి. ఎల్.టి.సి.పై చెన్నై మీదుగా వెళ్ళేవారు రైలుకు గంట ముందుగా చేరి, పిల్లలను ఎదుటి కాలిబాటపై నిలబెట్టి ఆ గోపురాన్ని చూపండి. ప్లాట్‌ఫారం కొసకు తీసుకొనిపోయి బఫర్లను చూపండి. మధురై వైపు పోయేవారు సాధారణంగా ఎగ్మోరులో ఎక్కుతారు గనుక, 1908 నాటి ఆ భవనాన్ని కూడా విడువవద్దు.

తిరిగి వచ్చిన మరునాడే పొరుగింటి చిరంజీవికి సమాధానం చెప్పాము: "పట్టాలు సెంట్రల్‌లో అయిపోతాయి నాయనా." అతడు కొంతసేపు ఆలోచించి, "మనం ఓడ దిగి వెళ్తే అక్కడే మొదలవుతాయి కదా అంకుల్?" అన్నాడు. ఈసారి చప్పున అవునన్నాము.