పెంపుడు జీవులకు కావలసింది ఋతుచర్య, పోపులపెట్టె వైద్యం కాదు

మన పోపులపెట్టెలో సగం వైద్యశాల ఉన్నదని నమ్మేవారిలో నేనూ ఒకడిని. జలుబుకు మిరియాల కషాయం, అజీర్ణానికి వాము, గాయానికి పసుపు. ఈ పత్రిక పాఠకులకు ఇవి కొత్తగా చెప్పవలసినవి కావు. అయితే అదే పెట్టెను మన ఇంటి కుక్కకు, పిల్లికి కూడా తెరవవచ్చునా అని అడిగితే, ఒకప్పుడు నేను ‘నిరభ్యంతరంగా’ అని చెప్పేవాడిని. నేడు ‘కూడదు’ అంటున్నాను. ఈ మార్పుకు కారణం నా స్వంత పొరపాటే కనుక, ముందుగా దానిని పాఠకుల ముందు ఉంచుతాను.

కొన్నేళ్ళ క్రితం ఒక వర్షాకాలంలో మా కుక్కకు చెవుల లోపల, కాలివేళ్ళ సందులలో గోమార్లు పట్టాయి. వెల్లుల్లి తినిపిస్తే అవి వాటంతటవే రాలిపోతాయని ఎవరో చెప్పారు. వెల్లుల్లి క్రిమిహరమని చదివినవాడిని కనుక నాకు ఆ మాట సబబుగానే తోచింది. ప్రతిరోజూ అన్నంలో నాలుగైదు రెబ్బలు నలిపి కలిపాను. పది రోజులు తిరిగేసరికి దాని చిగుళ్ళు తెల్లగా పాలిపోయాయి. మూత్రం కాఫీ డికాక్షన్ రంగుకు మారింది. రెండు మెట్లు ఎక్కి కూలబడిపోయింది. పశువైద్యుడు రక్తం పరీక్షించి, “ఎర్రకణాలు పగిలిపోతున్నాయి, దీనికి ఏం పెట్టారు?” అని అడిగినప్పుడు నా నోట మాట రాలేదు. అది కోలుకోవడానికి నెల పైనే పట్టింది. గోమార్లు మాత్రం ఒక్కటీ రాలలేదు.

ఉల్లి, వెల్లుల్లి రెంటిలోనూ ఉండే గంధక సంబంధమైన పదార్థాలు కుక్కల, పిల్లుల రక్తంలోని ఎర్రకణాలను దెబ్బతీస్తాయి. పిల్లులలో ఈ హాని మరింత ఎక్కువ. ఉడికించినా, ఎండబెట్టి పొడి చేసినా ఆ గుణం పోదు. రాత్రి మిగిలిన సాంబారన్నమో, బిర్యానీయో ‘వృథా పోకుండా’ కుక్కకు పెట్టే ప్రతి ఇల్లాలూ ఈ సంగతి గుర్తుంచుకోవాలి. ద్రాక్ష, కిస్‌మిస్ కుక్కల మూత్రపిండాలను పాడుచేయగలవు. చాక్లెట్ కూడా వాటికి విషమే.

ఇది ఆయుర్వేదానికి వ్యతిరేకమైన మాట అని కొందరు మిత్రులు నొచ్చుకున్నారు. నా దృష్టిలో ఇదే అసలైన ఆయుర్వేదం. ప్రకృతిని, దేశాన్ని, కాలాన్ని, మాత్రను విచారించకుండా మందు ఇవ్వరాదని మన శాస్త్రం మొదటి పాఠంలోనే చెబుతుంది. ఇద్దరు మనుష్యుల మధ్యనే ఇంత భేదాన్ని గుర్తించిన శాస్త్రం, మనిషికీ మార్జాలానికీ ఒకే కషాయం పొమ్మంటుందా? మన పూర్వులు ఏనుగుల వైద్యానికి పాలకాప్యుని పేర హస్త్యాయుర్వేదాన్ని, గుర్రాల వైద్యానికి శాలిహోత్రుని పేర వేరొక శాస్త్రాన్ని ఏర్పరచుకున్నారు. మనుష్యుల గ్రంథమే వాటికీ చాలునని వారు అనుకోలేదు. మన కర్నూలు జిల్లా ఎర్రగుడి బండలపై నేటికీ నిలిచి ఉన్న అశోకుని శాసనాలలో రెండవది మనుష్యులకు ఒక చికిత్స, పశువులకు ఒక చికిత్స అని రెంటినీ విడివిడిగానే పేర్కొన్నది.

కనుక మనం వాటికి అందించవలసింది మన మందులను కాదు, మన ఋతుచర్యా దృష్టిని. రోగం వచ్చిన తరువాత పోపులపెట్టె వెదకడం కంటే, ఋతువు మారకముందే జాగ్రత్తపడడం మేలు.

గ్రీష్మాన్నే తీసుకోండి. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు. ఆ ఎండలో మనకు చెమట పట్టి ఒళ్ళు చల్లబడుతుంది. కుక్కకు ఆ సౌకర్యం దాదాపు లేదు. పాదాల అడుగున తప్ప దానికి చెప్పుకోదగిన చెమట పట్టదు. నాలుక చాచి వగర్చడమే దాని ఉపాయం. పగ్ వంటి చప్పిడి ముక్కు జాతులకు అదీ సరిగా సాగదు. అందువల్ల నడకకు తెల్లవారుజామున, పొద్దు వాలాక మాత్రమే తీసుకుపోవాలి. రోడ్డుపై మన అరచేతి వెనుకభాగాన్ని ఏడు సెకన్లు ఉంచలేకపోతే, ఆ రోడ్డుపై దానిని నడిపించరాదు. ఆపి ఉంచిన కారులో ‘ఐదు నిమిషాలే కదా’ అని వదలరాదు. వడదెబ్బ తగిలితే నీడకు చేర్చి, మామూలు నీటితో ఒళ్ళు తడిపి, విసురుతూ, ఆలస్యం చేయకుండా పశువైద్యుని వద్దకు తీసుకుపోవాలి. తానుగా తాగితే నీరు ఇవ్వవచ్చు. స్పృహ తప్పుతున్న ప్రాణి నోరు తెరిచి మజ్జిగ పోస్తే అది ఊపిరితిత్తులలోకి పోయే ప్రమాదం ఉన్నది.

ఇక్కడే మరొక భ్రమను తొలగించాలి. ఆరోగ్యవంతమైన కుక్క శరీరోష్ణత 101 నుండి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్ వరకు ఉంటుంది. పిల్లిదీ ఇంచుమించు అంతే. మన చేతికి అది వేడిగా తోచడం సహజం. ఆ వేడిని జ్వరమనుకొని మన పారాసెటమాల్ బిళ్ళ విరిచి పెట్టేవారున్నారు. పిల్లి కాలేయానికి ఆ మందును విరిచి బయటకు పంపే శక్తి చాలా తక్కువ. ఒక్క బిళ్ళే దాని ప్రాణం తీయగలదు.

మృగశిర కార్తెతో వానలు మొదలైతే గోమార్లు, ఈగలు, బురద. గోమార్లు రక్తం పీల్చడంతో ఆగవు, ఎర్లికియోసిస్ వంటి జ్వరాలను కుక్కకు అంటిస్తాయి. ఎలుకల మూత్రం కలిసిన నిలవనీటి నుండి లెప్టోస్పైరోసిస్ వస్తుంది. అది మనకూ సోకగల వ్యాధి. ప్రతిరోజూ చెవులు, వేళ్ళ సందులు, తోక మొదలు వెదకడం, తడిసిన ఒళ్ళు పొడిగా తుడవడం, పడుకునే గోనెపట్టా ఎండలో వేయడం గృహస్థు చేయవలసిన పనులు. కర్పూరం కలిపిన కొబ్బరినూనె మాత్రం పూయవద్దు. పిల్లి గాని, కుక్క గాని ఒళ్ళు నాకి శుభ్రం చేసుకుంటుంది. మనం పైపూత అనుకున్నది దానికి లోపలి మందు అవుతుంది, కర్పూరం కడుపులోకి పోతే విషం. కుక్కల కోసం అమ్మే పెర్మెత్రిన్ మందును పిల్లికి పూయడం కూడా ప్రాణాంతకం.

శరత్తులో దీపావళి వస్తుంది. మన చెవి సుమారు 20,000 హెర్ట్జ్ వరకే వింటుంది, కుక్క చెవి సుమారు 45,000 వరకు వింటుంది. ఆ రాత్రి దానిని లోపలి గదిలో ఉంచి, చీకటి పడకముందే బయట తిప్పి తీసుకురండి. హేమంత శిశిరాలలో ముసలి కుక్కలకు కీళ్ళు బిగుస్తాయి. చల్లని గచ్చుపై కాక మందపాటి పక్కపై పడుకోనివ్వండి. మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టడం మీకూ, దానికీ ప్రమాదమే.

“మా తాతల నాడు కుక్కలకు మిగిలిన అన్నమే కదా పెట్టారు, అవి బ్రతకలేదా?” అని అడిగేవారున్నారు. బ్రతికినవి మన కంటికి కనబడ్డాయి, చచ్చినవాటిని ఎవరూ లెక్కపెట్టలేదు. పశువైద్యం దూరమని, ఖర్చని చెప్పేవారి బాధ నాకు తెలుసు. అందుకే ప్రభుత్వ పశువైద్యశాల ఎక్కడున్నదో, ఏ వేళల్లో తెరుస్తారో అవసరం రాకముందే తెలుసుకొని ఉంచుకోమంటున్నాను.

అన్ని ఋతువులకూ వర్తించేది ఒకటున్నది. రేబిస్ టీకాకు ప్రత్యామ్నాయం ఏ పోపులపెట్టెలోనూ లేదు. నీటిని చూసి భయపడే దశ వచ్చిన రోగి దక్కడని సుశ్రుతుడు ఏనాడో చెప్పాడు. కుక్కపిల్లకు మూడవ నెల నిండగానే టీకా వేయించి, వైద్యుడు చెప్పిన ప్రకారం తిరిగి వేయిస్తూ ఉండాలి. కుక్క గాని పిల్లి గాని కరిచినా, గీరినా ఆ గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీటితో 15 నిమిషాలు కడిగి వెంటనే టీకాకు వెళ్ళాలి. సున్నం, కారం, పసుపు పెట్టి కాలం వృథా చేయరాదు.

మనకు ఎక్కడ నొప్పి ఉన్నదో మనం చెప్పగలం. చేదుగా ఉన్న మందును ఉమ్మివేయగలం. మా కుక్క మాత్రం నేను పెట్టిన వెల్లుల్లి అన్నాన్ని పది రోజులూ తోక ఆడిస్తూనే తిన్నది. అంత నమ్మకంతో మన చేతి ముద్ద తినే ప్రాణికి ఏది పెడుతున్నామో ఒక్క క్షణం ఆగి ఆలోచించవలసిన బాధ్యత మనదేనని సవినయంగా మనవి చేస్తున్నాను.